తరుగని స్త్రీధనము: భానుమతిగారి బాల్యము, తొలి చిత్రములు



మన నల్లమల కొండలలో పుట్టి, కంభము చెరువును నింపి, మార్కాపురపు సీమను దాటి తూర్పునకు సాగిపోవు గుండ్లకమ్మ, సముద్రమును జేరుటకు ముందు ఒంగోలు దాపుననున్న మద్దిపాడు మండలముగుండ ప్రవహించును. ఆ మండలమునందే దొడ్డవరమను పల్లె కలదు. 1925వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీన ఆ యూర నొక ఆడుశిశువు జన్మించెను. ఆమెయే తరువాత నటిగా, గాయనిగా, దర్శకురాలిగా, రచయిత్రిగా దక్షిణదేశమంతటను వాసికెక్కిన శ్రీమతి భానుమతీరామకృష్ణగారు. నాడు ఒంగోలు గుంటూరు జిల్లాలోను, మన మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోను ఉండెడివి. 1970లో ఈ ప్రాంతములన్నియు ఒక్క జిల్లాక్రిందికి వచ్చుటచే దొడ్డవరపు బిడ్డ మనకును ఆడపడుచే యైనది.

2025లో ఆమె శతజయంతి గడచినది. ఆమె పాటలను, పాత్రలను, బిరుదములను పలువురు తలచుకొనిరి. ఆ కీర్తిని మరల వల్లించుట నా యుద్దేశము గాదు. సినిమా యన్న మాట వినినంతనే పెద్దలు మొగము త్రిప్పుకొనెడి దినములలో, పదమూడేండ్ల పల్లెటూరి బాలిక ఆ లోకమున నెట్లు ప్రవేశించెను? ప్రవేశించియు తన మర్యాద నెట్లు నిలుపుకొనెను? తలిదండ్రు లామెకు ఏమి యిచ్చి పంపిరి? ఆడపిల్లలను గన్న తల్లులము గనుక ఈ ప్రశ్నలు మనకు ముఖ్యములు. ఈ మాసము వానినే విచారింతము.

మొదట ఆనాటి లోకస్థితిని కొంచెము తెలిసికొనవలయును. నాటకరంగమున స్త్రీపాత్రలను సామాన్యముగా పురుషులే ధరించుచుండిరి. స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషముతో నిలిచినపుడు, ఆ చీరకట్టును, ఆ నడకను జూచి స్త్రీలు సైతము విస్తుపోయెడివారట. కడపసీమలోని సురభి గ్రామమున 1885లో ఆరంభమైన నాటకసమాజమువారు మాత్రము తమ కుటుంబములలోని స్త్రీలనే రంగమెక్కించిరి. తెలుగున తొలి మాటాడు చిత్రమగు భక్తప్రహ్లాద 1932లో వెలువడినపుడు, అందు లీలావతి పాత్ర ధరించిన కమలాబాయిగారు ఆ సురభివారి యాడపడుచే. తక్కిన నటీమణులలో పలువురు తరతరములుగా సంగీతనాట్యములే వృత్తిగా గల కుటుంబములనుండి వచ్చినవారు. లోకము వారి విద్యను ముచ్చటపడి యనుభవించెను. వారిని పేరంటమునకు మాత్రము పిలువలేదు. ఆ యన్యాయము మన పూర్వులదని యొప్పుకొనక తప్పదు.

ఇంతకును కుటుంబస్త్రీలకు కళలు తగవని మన యితిహాసములు చెప్పినవా? విరాటరాజు తన కూతురు ఉత్తరకు సంగీతనాట్యములు నేర్పుటకై బృహన్నలను నియమించెను. ఆ కథను చదివిన వారెవ్వరును రాచకన్నియ యాట నేర్చుట తలవంపని తలపరు. కాళిదాసుని మాళవిక నాట్యవిద్యచేతనే రాజసభలో మెప్పువడసెను. విద్య దోషమని యెవ్వరును చెప్పలేదు. ఆ విద్య గల స్త్రీని రక్షణ లేక విడుచుటయు, పిదప ఆమెనే నిందించుటయు దోషము. దొడ్డవరపు తండ్రి యీ భేదమును బాగుగ నెరిగినవాడు.

ఆయన పేరు బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు. ఆయన యర్ధాంగి సరస్వతమ్మగారు. వెంకటసుబ్బయ్యగారికి సంగీతమన్న ప్రాణము. కూతురి కంఠములోని గుణమును చిన్ననాడే గుర్తెరిగి, దగ్గర గూర్చుండబెట్టుకొని తానే పాఠము చెప్పెను. కూతురు గొప్ప గాయని కావలయునని ఆయన కోరిక; నటి కావలయునని ఆయన యెన్నడును తలపలేదు.

సంగీతము నేర్చుట యెంతటి శ్రమయో మనలో నేర్చినవారికి తెలియును. సరళీస్వరములతో మొదలై, జంటస్వరములు, అలంకారములు, గీతములు, స్వరజతులు, వర్ణములు గడచి కీర్తనకు వచ్చుసరికి ఏండ్లు పట్టును. మన మార్కాపురపు పలకమీద అక్షరము దిద్దు బిడ్డవలె, దిద్దినదానినే దిద్దవలయును, పాడినదానినే పాడవలయును. ఫలము వెంటనే కానరాదు. కట్నముగ నిచ్చు రూపాయలవలె దానిని లెక్కించి పళ్లెములో బెట్టి చూపుటకు వీలులేదు. అయినను అది బిడ్డ కంఠమున నిలిచిన ధనము.

ఆ ధనమునకు విలువ యెట్లు వచ్చినదో చూడుడు. నేడు తెరపై కనబడు నటి యొకతె, ఆమె పెదవులకు తగినట్లు పాడు గాయని వేరొకతె. తొలినాటి మాటాడు చిత్రములలో ఈ యేర్పాటు లేదు. నటించువారే పాడవలయును. పాట యొకచోట, రూపమొకచోట తెచ్చి జతపరచు పద్ధతి మనవారిలో వ్యాపించుటకు కొన్నియేండ్లు పట్టెను. అందుచే దర్శకులు రూపముకంటె ముందు కంఠమును వెదకుచుండిరి. శ్రుతిశుద్ధముగ పాడి, స్పష్టముగ తెలుగు పలుకు ఆడుపిల్లలు దొరకుట దుర్లభము. దొడ్డవరమున తండ్రి నేర్పిన పాట ఆ విధముగ దూరదేశములనుండి దర్శకుల చెవిని బడెను.

చిత్తజల్లు పుల్లయ్యగారు కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీవారికి 1933లో సావిత్రి, 1934లో లవకుశ తీసియిచ్చి పేరుగాంచిన దర్శకులు. ఆ కంపెనీకే వరవిక్రయము తీయ సంకల్పించి, కాళింది పాత్రకు భానుమతిని గోరిరి. తెలుగునాట నాడు చిత్రశాలలు కడు తక్కువ. కలకత్తా, బొంబాయి, కొల్హాపురము, మదరాసులకు బోయి తెలుగుచిత్రములు తీయుచుండిరి. సినిమాలో చేరుట యనగా పిల్లను దూరదేశమునకు, పరభాషవారి నడుమకు పంపుట. తలిదండ్రుల భయము ఊరక పుట్టినది గాదు.

వెంకటసుబ్బయ్యగారు అంగీకరించిరి, కాని బిడ్డను ఒంటరిగా పంపలేదు. నాయకపాత్రధారి తన కూతురిని కౌగిలించు దృశ్యము లుండరాదని షరతు పెట్టిరి. నేటి చదువరులకు ఈ షరతు వింతగా దోచవచ్చును. పదమూడేండ్ల పిల్లకు చట్టమేదియు కాపుదలగా లేని కాలమున, తండ్రి తన చేతనైన కంచెను తానే నాటెనని గ్రహింపవలయును. దర్శకుడు ఆ షరతునకు లోబడి చిత్రము తీయుటకు కారణ మేమి? ఆ పిల్ల కంఠము అట్టిది. విద్య గలవారి తండ్రి షరతు పెట్టగలడు. ఏ విద్యయు లేని బిడ్డ తండ్రి యెదుటివారి షరతులకు తలయూపవలసినదే.

1939లో వెలువడిన ఆ వరవిక్రయము కథను ఇచట చెప్పవలయును. కాళ్లకూరి నారాయణరావుగారు వరశుల్కపు దురాచారమును ఖండించుచు వ్రాసిన నాటకమది. పురుషోత్తమరావు సత్ప్రవర్తకుడు, కట్నమన్న గిట్టనివాడు. ఆయనకు కాళింది, కమల యని యిరువురు కూతుండ్రు. పెండ్లిసంతలో వరుల ధరలు మండిపోవుచుండ, ఆయన సైతము పట్టు సడలించి, ఉన్న భూమిని విక్రయించి కాళింది పెండ్లి చేయుటకు సిద్ధపడెను. తన మూలమున తండ్రి నిరుపేద యగుట సహింపలేక కాళింది ప్రాణములు విడిచెను. చెల్లెలు కమల అదే యింటివరుని బెండ్లాడి, ధనమిచ్చి కొన్న వస్తువు కొన్నవారి యింటికే రావలయునని వాదించి, మామగారి దురాశను నలుగురియెదుట బయటబెట్టెను. కమల పాత్రను పుష్పవల్లిగారు, లోభియగు సింగరాజు లింగరాజు పాత్రను బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారు ధరించిరి.

నటించుట తొలిసారియైన బాలిక, కట్నమువలన ప్రాణము గోల్పోవు కన్యగా తెరపై కనబడెను. ఈ చిత్రమును తలచినపుడెల్ల నాకు ఇరువురు తండ్రులు కన్నులయెదుట నిలుతురు. తెరమీది తండ్రి కూతురిపై ప్రేమ లేనివాడు గాడు. ఆ ప్రేమచేతనే పొలమమ్మ బూనెను. ఆ పొలపు ధర కూతురికి జెందునా? చెందదు. వియ్యంకుని పెట్టెలోనికి బోవును. తెరవెనుక గూర్చుండి బిడ్డకు కావలియున్న తండ్రి పొలమమ్మలేదు, పాట నేర్పెను. ఆ పాట బిడ్డయొద్దనే నిలిచెను. ఆమె యెనుబదియేండ్ల జీవితమున ఏ కష్టమును దానిని హరింపలేకపోయెను.

మనువు స్త్రీధనమును ఆరు విధములుగ జెప్పెను. అగ్నిసాక్షిగ నిచ్చినది, అత్తవారింటికి బోవునపు డిచ్చినది, ప్రీతితో నిచ్చినది, తల్లి యిచ్చినది, తండ్రి యిచ్చినది, సోదరు డిచ్చినది. తండ్రి యిచ్చు స్త్రీధనములో విద్యను మించిన దున్నదా? బంగారము తాకట్టునకు బోవచ్చును. పొలము వ్యాజ్యమున బడవచ్చును. విద్యను ఎవ్వరు తాకట్టుపెట్టగలరు?

అదే 1939వ సంవత్సరము చివర సముద్రముల కావల మరియొక స్త్రీ పేరు లోకమంతట మారుమ్రోగెను. ఆమె ఇంగ్లండు నటి వివియన్ లీ. పుట్టుక మాత్రము మన దేశముననే. 1913లో డార్జిలింగున జన్మించెను. ఆరేండ్ల ప్రాయముననే ఇంగ్లండులో క్రైస్తవ సన్న్యాసినుల పాఠశాలలో చేర్పబడి, పిమ్మట లండనులో నాటకవిద్య నభ్యసించుచు, 1932లో పందొమ్మిదవ యేట ఒక న్యాయవాదిని బెండ్లాడెను. మరుసటియేట ఒక కూతురు గలిగెను. భర్తకు నాటకవృత్తి రుచింపలేదు. విచిత్ర మేమనగా, ఆమె రంగస్థలమునకు పెట్టుకొన్న లీ యను పేరు ఆ భర్త పేరులోనిదే. 1935లో లండను రంగస్థలమున ఒక్క నాటకముతో ఆమె ప్రఖ్యాతి గాంచెను. 1939లో గాన్ విత్ ది విండ్ అను అమెరికా చిత్రమున నాయికయై, ఉత్తమనటిగ ఆస్కారు బహుమతి నందెను. మొదటి వివాహము 1940లో రద్దయ్యెను. కూతురు తండ్రియొద్దను, అమ్మమ్మయొద్దను బెరిగెను.

ఈ కథను ఆమెను నిందించుటకు చెప్పలేదు. తెల్లవారి దేశములలో స్త్రీకి అన్నియు సులభములని మనలో గొందరు భావింతురు. అచటను ప్రతిభ గల స్త్రీని ఇల్లా, కళయా యని లోకము నిలదీసెను. ఏదో యొకటి విడువవలసిన విషమస్థితి యామెకు దాపురించెను. మన భానుమతిగారికిని నాలుగేండ్లలో ఆ ప్రశ్నయే యెదురయ్యెను. ఆమె దాని కెట్లు బదులు చెప్పిరో చూతము.

వరవిక్రయము పిమ్మట 1940లో పుల్లయ్యగారే తీసిన మాలతీమాధవమున ఆమె మాలతియై నటించిరి. భవభూతి నాటకము చదివినవారికి ఆ కథ తెలిసినదే. మాలతి తండ్రి భూరివసువు, మాధవుని తండ్రి దేవరాతుడు విద్యార్థిదశలోనే తమ సంతానమునకు వివాహము చేయుదమని మాట యిచ్చుకొనిరి. తరువాత భూరివసువు మంత్రియయ్యెను. రాజు తన ప్రియమిత్రుడగు నందనునకు మాలతి నిమ్మని కోరగా, కాదన వెరచెను. కన్నకూతురు రాజప్రీతికొరకు నర్పించు కానుక యయ్యెను. కామందకి యను సన్న్యాసిని యుపాయమున మాలతి తాను వలచిన మాధవునే చేపట్టెను. పదునైదేండ్లయిన నిండని బాలిక ఆ పాత్రను ధరించునపుడు, తండ్రి యిచ్ఛకును తన హృదయమునకును నడుమ నిలుచు దినము తనకును రానున్నదని యెరుగదు.

1941లో ధర్మపత్ని, భక్తిమాల వెలువడినవి. భక్తిమాల పాటలచే ఆమె పేరు ఇల్లిల్లు జేరెను. 1943లో వచ్చిన కృష్ణప్రేమలో శాంతకుమారిగారు రాధయు, భానుమతిగారు చంద్రావళియు ధరించిరి. ప్రకాశము పంతులుగారి యన్నదమ్ముల బిడ్డ టంగుటూరి సూర్యకుమారిగారును అందు నటించిరి. సూర్యకుమారిగారు కూడ 1925లోనే జన్మించి, చిననాడే తెరనెక్కి, తుదకు లండనులో స్థిరపడి యచట భారతీయ కళలను నేర్పుచు 2005లో గతించిరి. ఒంగోలు సీమతో సంబంధము గల యిరువురు సమవయస్కలు ఒక్క చిత్రమున గలిసి పాడుట ముచ్చటయైన విషయము.

కృష్ణప్రేమకు సహాయదర్శకులుగ పనిచేసిన పి. యస్. రామకృష్ణారావుగారిని భానుమతిగారు తమ మనసున వరించిరి. ఆయన సౌమ్యుడు, మితభాషి, జీతము కొంచెము. తండ్రికి ఈ సంబంధము సమ్మతము గాలేదు. పేరుబడసిన కూతురికి సంపన్నుడైన వరుని దెచ్చుట కష్టము గాదు గదా! ఆమె పట్టు విడువలేదు. 1943వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీన వారి వివాహము జరిగెను.

ఇచట కొందరు తల్లులు నన్ను ప్రశ్నింపవచ్చును: అంత శ్రద్ధతో పెంచిన తండ్రి మాటను కూతురు కాదనుట న్యాయమా? నా భావమును దాచక చెప్పుదును. తండ్రి యిచ్చిన విద్య అప్పు గాదు, వడ్డీతో వసూలు చేసికొనుటకు. ఇచ్చినది నిజముగ నిచ్చినచో, దానితోబాటు స్వంతబుద్ధియు బిడ్డకు వచ్చును. స్త్రీధనమునకు స్త్రీయే యజమానురాలు. తండ్రి షరతుల నీడన పెరిగిన పిల్ల, మంచిచెడ్డల నెరుగు వయసు వచ్చినపుడు ధనమును జూడక గుణమును జూచి వరుని నెంచుకొనెను. ఇది పెంపకపు లోపము గాదు, పెంపకపు ఫలమే. వరవిక్రయమున కాళిందియై నటించిన పిల్ల, తన పెండ్లివిషయమున సంతను దరిజేరనీయలేదు.

వివాహానంతరము సినిమాలు మాని గృహిణిగ నుండవలయునని ఆమె సంకల్పించిరి. ఇంటిపని, వంట, భర్త సాంగత్యము చాలుననుకొనిరి. ఇంతలో వాహినీ సంస్థ దర్శకులు బి. యన్. రెడ్డిగారు స్వర్గసీమ తీయబూని, అందొక పాత్రను ఆమెయే ధరింపవలయునని వచ్చిరి. రామకృష్ణారావుగారు అడ్డుచెప్పలేదు. భార్య విద్య తన కడపలో దాచవలసినది గాదని ఆయన తలంచిరి. ఇట్టి భర్త దొరకుట భాగ్యము. ఇంటి పెద్దలు, పురుషులు ఈ పుట చదువుచున్నచో ఇచట కొంచెము నిలువవలయునని నా మనవి.

1945లో వెలువడిన స్వర్గసీమలో ఆమె పాత్ర సాహసమైనది. వీథులలో ఆడిపాడు సుబ్బి యను పిల్ల, సుజాత యను పేర గొప్ప నటియై, ఇల్లాలు బిడ్డలు గల యొక గృహస్థుని మోహమున ముంచును. ఆ గృహస్థుడు నాగయ్యగారు. కంటనీరు గ్రుక్కుకొను నిల్లాలు జయమ్మగారు. సంసారపక్షముగ నుండు స్త్రీ, సంసారము చెరుపు స్త్రీగ నటించెను. చూపరులు పాత్రను నిందించిరి, నటిని మెచ్చుకొనిరి. పదేండ్లక్రిందట తెరపై కనబడు ప్రతి స్త్రీని అనుమానించిన లోకము, పాత్ర వేరు, మనిషి వేరని గ్రహింప నేర్చెను. ఓహోహో పావురమా యను పాట యూరూర వ్యాపించెను. తరువాత తెలుగువారి గంధర్వుడైన ఘంటసాలవారు తెరవెనుక తొలిసారి గొంతు కలిపినది ఈ చిత్రముననే.

ఇల్లా, కళయా యను ప్రశ్నకు వా రిరువురును కలిసి చెప్పిన బదులు మరింత యుచితమైనది. తమ కుమారుడు భరణి పేర ఒక సంస్థను స్థాపించిరి. భర్త దర్శకుడు, భార్య నటి, గాయని. ఆ సంస్థ మొదటి చిత్రము రత్నమాల 1948లో వెలువడెను. 1949లో లైలామజ్నూ వచ్చెను. ఇల్లును, కళను విడదీయుమని లోకము చెప్పగా, ఇంటిబిడ్డ పేరే కళాసంస్థకు పెట్టిరి. 1951లో వాహినీవారి మల్లీశ్వరిలో ఆమె నటనయు, గానమును తెలుగుదేశము నేటికిని మరువలేదు. 1953లో చండీరాణిని తెలుగు, తమిళము, హిందీ మూడు భాషలలో ఆమెయే దర్శకత్వము వహించి తీసిరి. అప్పటికి ఆమె వయసు దాదాపు ఇరువదియెనిమిదేండ్లు. ఆడుది దర్శకత్వము వహించుట దేశమున మిక్కిలి యరుదైన కాలమది.

ఆత్మగౌరవమునకు వెల కూడ కలదని మరువరాదు. 1955నాటి మిస్సమ్మ చిత్రమునకు మొదట ఆమెనే నాయికగ నిర్ణయించి కొంత చిత్రించిరి. నిర్మాతలతో భేదము వచ్చెను. ఆమె తగ్గలేదు. ఆ పాత్ర సావిత్రిగారికి సంక్రమించి, సావిత్రిగారి కీర్తికి సోపానమయ్యెను. తలవంచి యుండినచో ఆ పాత్ర దక్కెడిదే. తన నిర్ణయమువలని నష్టమును తానే భరించుట కూడ స్వాతంత్ర్యములోని భాగమే.

తమిళదేశమున అణ్ణాదురైగారు ఆమెకు నటనావ్యాకరణ మను నర్థము గల బిరుదము నొసగిరి. 1966లో పద్మశ్రీ, తరువాత పద్మభూషణ్ లభించినవి. మదరాసు ప్రభుత్వ సంగీతకళాశాలకు ఆమె ప్రధానాచార్యులుగ నుండిరి. దొడ్డవరమున తండ్రియెదుట కూర్చుండి నేర్చిన విద్య, నూర్గురు పిల్లలకు నేర్పించు పీఠమునకు జేర్చెను. ఇంతటి పనిలో నుండియు వంటింటిని, అత్తగారిని మరువలేదు. అత్తగారి కథలు చదివి నవ్వని తెలుగు ఇల్లాలు లేదు. అత్తాకోడండ్ర కథలన్న కన్నీరే యనుకొను సాహిత్యమున, చాదస్తపు అత్తగారిని ప్రేమతో చిత్రించి, కోడలి చూపులో ద్వేషము లేకుండ హాస్యము నింపిరి. వానికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చెను. ఆమె 2005వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన చెన్నైలో గతించిరి.

ఇక నేటి విషయమునకు వత్తము. ఇటీవల మా వీథిలోని యొక యిల్లాలు తన కష్టమును నాతో జెప్పుకొనెను. ఆమె కూతురికి పండ్రెండేండ్లు. ధనుర్మాసమున చెన్నకేశవస్వామి సన్నిధిని ఆ పిల్ల పాడుచుండ, పూజకు వచ్చినవారు కదలక నిలుతురు. హైదరాబాదులో టీవీవారు జరుపు పాటలపోటీకి పంపుమని బడిలోని పంతులమ్మ చెప్పెనట. తండ్రి యిష్టపడలేదు. “అక్కయ్యా! పాటకు పోసిన డబ్బు మళ్ళీ వస్తుందా, ఆ డబ్బే పెండ్లికి దాచుకోరాదా అంటున్నారు మా ఆయన. నేనేమని చెప్పేది?” అని యామె యడిగెను.

ఆ తండ్రి దుర్మార్గుడు గాడు. వరవిక్రయములోని పురుషోత్తమరావువలె ప్రేమ గలవాడే. వానలు సరిగ పడని మన మెట్టసీమలో రూపాయి యెంత కష్టముతో చేతికి వచ్చునో మన మెరుగుదుము. కాని లెక్క తప్పుచున్నది. కట్నమిచ్చుటయు, పుచ్చుకొనుటయు నేరమని 1961లో చట్టము వచ్చినది. అరువదియేండ్లు దాటినను, ఆడపిల్ల పుట్టినదినమే ఆ నేరమునకు ధనము కూడబెట్టుట మానలేదు. పాటకు రూపాయి వెచ్చింప వెనుదీయు చేయి, చట్టమువద్దన్న సొమ్మునకు లక్షలు లెక్కించుచున్నది. మొదటిది బిడ్డయొద్ద మిగులును. రెండవది పరుల పాలగును.

అట్లని పిల్లను ఎవ్వరితోనైన పంపుమని నేను చెప్పను. వెంకటసుబ్బయ్యగారు పంపినట్లు పంపుడని చెప్పుదును. నాడు తండ్రి షరతు తప్ప వేరు రక్షణ లేదు; నేడు చట్టమును తోడున్నది. పదునాలుగేండ్లు నిండని పిల్లలను సినిమాలలోను, టీవీ కార్యక్రమములలోను వినియోగించుటకు 2016నాటి చట్టసవరణయు, 2017నాటి నియమములును కట్టుబాట్లు విధించినవి. తల్లులు వీనిని కంఠస్థము చేయవలయును. జిల్లా మేజిస్ట్రేటు అనుమతి లేనిదే నిర్మాత పిల్లలచే పని చేయింపరాదు. దినమునకు 5 గంటలకు మించరాదు. విరామము లేకుండ 3 గంటలకు మించరాదు. వరుసగ 27 దినములకు మించి పని యుండరాదు. వచ్చిన సొమ్ములో నూటికి 20 వంతులకు తక్కువగాకుండ జాతీయబ్యాంకులో పిల్ల పేరనే నిలువజేయవలయును. పిల్ల చదువు ఆగరాదు. అన్నిటికంటె ముఖ్యము, పిల్లకు ఇష్టము లేనిచో ఎవ్వరును బలవంతపెట్టరాదు. ఈ నియమము తలిదండ్రులకును వర్తించునని నేను చెప్పుదును.

ఇంకొక మాట. పోటీ ముఖ్యము గాదు, పాఠము ముఖ్యము. నేడు ఫోనులో నిమిషము పాడి, వేలమంది మెప్పు పొంది, మరుసటినెలకు మరపునకు వచ్చు పిల్లలను చూచుచున్నాము. భానుమతిగారు నిలిచినది మొదటి చిత్రమువలన గాదు. మొదటి చిత్రమునకు ముందు ఇంటిలో గడచిన యేండ్లవలన. కావున మొదట గురువును వెదకుడు. మీ యూర సంగీతము తెలిసిన పెద్ద యొక్కరైన నుందురు. దేవళములో భజన చెప్పువారో, పాఠశాలనుండి విరమించిన యుపాధ్యాయినియో. నాలుగిండ్లవారు గలిసి వారి కింత ముట్టజెప్పినచో పదిమంది పిల్లలకు పాఠము దొరకును. ఇతరజిల్లాకు పంపవలసివచ్చినపుడు తల్లియో, తండ్రియో వెంటబోవుడు. వ్రాతపత్రమేదైన ఇచ్చినచో చదువకుండ చేవ్రాలు చేయకుడు. తెలియనిచో తెలిసినవారిచే చదివించుకొనుడు.

ఆ యిల్లాలికి నేను చెప్పినది యింతే. పిల్లను వచ్చినవారియెదుట పాడింపుము. తండ్రిని దగ్గర కూర్చుండ జేయుము. ఆయనచేతనే తాళము వేయింపుము. కూతురి పాటకు తాను తాళము వేసిన తండ్రి, ఆ పాట యాపుమని చెప్పుట కష్టము. పోటీకి పంపుట, పంపకుండుట పిదప నాలోచింపవచ్చును. పాఠము మాత్రము ఈ శ్రావణముననే మొదలుకావలయును.

మీ యింట పాడునట్టి, బొమ్మలు గీయునట్టి, లెక్కలలో మెరయునట్టి ఆడుపిల్ల యున్నచో, పెండ్లిసొమ్మునకై తెరచిన పుస్తకమున ఆమె విద్యకును ఒక పుట కేటాయింపుడు. ఆ పుటలో వేసిన మొత్తమును ఏ వియ్యంకుడును తూచలేడు, ఏ వడ్డీవ్యాపారియు పట్టుకొనలేడు. దొడ్డవరపు తండ్రి పొలము మిగిలెనో లేదో మనకు పని లేదు. ఆయన కూతురికి నేర్పిన పాటను మాత్రము నేటికిని వినుచునే యున్నాము.